తరంగానికి తగిన తీగ

దూరదర్శన్ కొత్తగా వచ్చిన రోజులు గుర్తున్నవారికి ఇది చెప్పనక్కర్లేదు. ఆదివారం సాయంత్రం సినిమా మొదలయ్యే వేళకు ఇంట్లో ఒకరు మేడ ఎక్కి యాంటెన్నా తిప్పాలి, ఇంకొకరు కిటికీ దగ్గర నిలబడి బొమ్మ వచ్చిందో లేదో కేకవేసి చెప్పాలి. చేపముల్లులా ఉండే ఆ అల్యూమినియం కడ్డీలు కొంచెం పక్కకు జరిగితే చాలు, తెర నిండా చుక్కలే. ఆ తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. మొదటి ఫోన్లకు నెత్తిన చిన్న కొమ్ము ఉండేది. 1999లో నోకియా 3210 వంటివి వచ్చాక ఆ కొమ్ము లోపలికి వెళ్లిపోయింది. ఇప్పటి పిల్లలతో ఫోనుకు యాంటెన్నా ఉంటుందని చెబితే ఎక్కడా అని తిప్పి చూస్తారు.

ఉంది. ఒకటి కాదు, అనేకం ఉన్నాయి. అయితే ఆ కడ్డీ ఎంత పొడవుండాలి అనేది ఎవరు నిర్ణయించారు? కంపెనీవాళ్లు తమకు ఇష్టమొచ్చినంత కోయలేదు. వచ్చే తరంగం ఎంత పొడవుందో దాన్నిబట్టి కోశారు. ఈ సంగతిని మొట్టమొదట చేత్తో తీగ వంచి, చీకటి గదిలో కళ్లు పొడుచుకుని తెలుసుకున్నవాడు హైన్రిక్ హెర్ట్జ్. మెగాహెర్ట్జ్, గిగాహెర్ట్జ్ అంటామే, ఆ హెర్ట్జ్ ఈయనే. ఈ భూమ్మీద బ్రతికింది 36 సంవత్సరాలు.

జర్మనీలోని హాంబర్గ్ పట్టణంలో 1857 ఫిబ్రవరి 22న ఆయన పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో పెద్దవాడు. తండ్రి గుస్తావ్ హెర్ట్జ్ పేరున్న న్యాయవాది, తర్వాత ఆ నగర ప్రభుత్వంలో సెనేటర్ అయ్యాడు. తల్లి ఒక వైద్యుని కుమార్తె. తండ్రి తరఫు వారు యూదులు. 1834లో, అంటే మన హైన్రిక్ పుట్టడానికి 23 ఏళ్ల ముందే, ఆ కుటుంబం బాప్తిస్మం పొంది లూథరన్ సంఘంలో చేరింది. ఈ ఒక్క సంగతి పాఠకులు మనసులో ఉంచుకోవాలి. చివర్లో మళ్లీ దీని దగ్గరికి రావలసి ఉంది.

పిల్లవాడికి రెండు వింత ఇష్టాలు. ఒకటి భాషలు. గ్రీకు, లాటిన్ చాలక అరబ్బీ కూడా నేర్చుకున్నాడు. రెండోది చేతిపని. చెక్క చెక్కడం, లేత్ మీద తిప్పి వస్తువులు తీర్చడం ఒక పనివాడి దగ్గర శ్రద్ధగా నేర్చాడు. తన పరికరాలు తానే చేసుకునేవాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ గురువుకు తన శిష్యుడు ప్రొఫెసరయ్యాడని తెలిసినప్పుడు, అయ్యో మంచి లేత్ పనివాడు చేజారిపోయాడే అని బాధపడ్డాడట! ఆ ముసలాయన బాధలో నిజం లేకపోలేదు. తరువాత ప్రపంచాన్ని మార్చిన పరికరాలన్నీ ఆ చేతి నైపుణ్యంలోంచి వచ్చినవే.

మొదట ఇంజనీరు కావాలనుకున్నాడు. ఒక ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్‌లో పని నేర్చుకున్నాడు, మరో ఏడాది బెర్లిన్‌లో సైనిక సేవ చేశాడు. 1877లో మ్యూనిక్ చేరాక, తనకు ఇంజనీరింగు వద్దు, ప్రకృతి శాస్త్రమే కావాలి, అనుమతి ఇమ్మని తండ్రికి ఉత్తరం రాశాడు. మన ఇళ్లలో ఇలాంటి ఉత్తరం వస్తే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. ఆ తండ్రి మాత్రం ఒప్పుకున్నాడు. మరుసటి ఏడాది బెర్లిన్ వెళ్లి, ఆ కాలపు మహాశాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర చేరాడు. 1880లో, 23 ఏళ్ల వయసులో డాక్టరేటు పొందాడు.

ఇక్కడ మరొకరిని పరిచయం చేయాలి. స్కాట్లాండుకు చెందిన జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్, ప్రెస్బిటేరియన్ సంఘపెద్ద, ప్రార్థనాపరుడు. 1865లో ప్రచురించిన వ్యాసంలో ఆయన ఒక గొప్ప విషయం లెక్కగట్టాడు. విద్యుత్తు, అయస్కాంతం కలిసి అలలుగా ప్రయాణించగలవని, వాటి వేగం వెలుగు వేగమేనని, అసలు వెలుగే అటువంటి అల అని. కేంబ్రిడ్జిలో ఆయన స్థాపించిన ప్రయోగశాల తలుపు మీద 111వ కీర్తన రెండవ వచనం లాటిన్‌లో చెక్కి ఉంది. కానీ ఆ అలలను ఎవరూ చూడలేదు. పుట్టించలేదు, పట్టుకోలేదు. 1879లో 48 ఏళ్లకే మాక్స్‌వెల్ కన్నుమూశాడు. తాను నమ్మినదాన్ని కంటితో చూడకుండానే వెళ్లిపోయాడు.

అదే 1879లో బెర్లిన్ అకాడమీ ఈ సిద్ధాంతానికి సంబంధించిన ప్రయోగానికి బహుమతి ప్రకటించింది. హెల్మ్‌హోల్ట్జ్ తన శిష్యుణ్ణి ప్రయత్నించమన్నాడు. హెర్ట్జ్ లెక్కలు వేసి చూశాడు. అంత వేగంగా కంపించే విద్యుత్తు తన చేతిలోని పరికరాలతో పుట్టదని తేలింది. కాదని చెప్పేశాడు. గురువు చెప్పాడు కదా అని ఏదో ఒకటి చేసి చూపించలేదు. కానీ ఆ ప్రశ్నను మనసులోంచి తీసివేయనూ లేదు.

ఏడేళ్లు గడిచాయి. కీల్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం పనిచేసి 1885లో కార్ల్స్‌రూ సాంకేతిక కళాశాలకు ప్రొఫెసరుగా వెళ్లాడు. 1886 జూలైలో అక్కడి సహోద్యోగి కుమార్తె ఎలిజబెత్ డాల్‌ను వివాహం చేసుకున్నాడు. ఆ శరదృతువులోనే కళాశాల అలమరలో ఉన్న ఒక జత తీగచుట్టలతో పాఠానికి ప్రయోగం సిద్ధం చేస్తుండగా ఒక చుట్టలో నిప్పురవ్వ ఎగిరితే, దానికి తగలకుండా ఉన్న రెండో చుట్టలోనూ చిన్న రవ్వ మెరిసింది. చాలామంది ఇలాంటివి చూసి వదిలేసి ఉంటారు. ఏడేళ్లుగా ఒక ప్రశ్న మోస్తున్నవాడికి మాత్రం అది జవాబులా కనిపించింది.

అప్పుడు ఆయన చేసిన పరికరం చూడండి. సుమారు మూడు మీటర్ల పొడవైన రాగి తీగ. రెండు చివర్లా 30 సెంటీమీటర్ల జింకు గోళాలు. తీగ మధ్యలో చిన్న సందు. దానికి ఇండక్షన్ కాయిల్ తగిలిస్తే సందులో రవ్వలు ఎగురుతాయి, తీగలో విద్యుత్తు అటూ ఇటూ ఊగుతుంది. అదే పంపేది. పట్టుకునేది ఇంకా సులువు. రాగి తీగను గుండ్రంగా వంచి, ఒకచోట వెంట్రుకవాసి సందు వదిలాడు. అంతే. బ్యాటరీ లేదు, ఇంకేమీ లేదు. గదిలో అల్లంత దూరాన పట్టుకుని నిలబడితే ఆ సందులో రవ్వ మెరుస్తుంది. మిల్లీమీటరులో నూరోవంతు ఉండే ఆ రవ్వను చూడాలంటే గది చీకటి చేసుకోవాలి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కూర్చోవాలి.

ఈ రెండు తీగలే ప్రపంచంలో మొదటి రేడియో యాంటెన్నాలు. ఆ రోజుల్లో వాటికి ఆ పేరు లేదు. సెమినరీలో గ్రీకు చదివినవారికి ఇక్కడ ఒక చిన్న సంతోషం ఉంది. నేటి గ్రీసు దేశంలో యాంటెన్నాను కెరాయా అంటారు. కొమ్ము అని దాని మూలార్థం. మత్తయి సువార్త ఐదో అధ్యాయం 18వ వచనంలో పొల్లు, సున్న అని మన తెలుగు బైబిలులో ఉన్నచోట రెండో మాటకు గ్రీకులో ఉన్నది ఈ కెరాయాయే. అక్షరం మీది చిన్న కొమ్ము, చిన్న గీత. ఇంత చిన్న గీతకూ, ఊరి చివర నిలబడిన టవరు మీది కడ్డీకీ ఒకే పేరు!

హెర్ట్జ్ చేసిన అసలు పని ఇప్పుడు వస్తుంది. పట్టుకునే తీగ పొడవును కొంచెం కొంచెంగా మార్చి చూశాడు. పొట్టిగా ఉంటే రవ్వ బలహీనం. పొడవు పెంచుతుంటే రవ్వ పెరిగింది. ఒక పొడవు దగ్గర బాగా పెద్దదైంది. దాన్ని దాటి ఇంకా పెంచితే మళ్లీ తగ్గిపోయింది. ఎక్కువ తీగ ఉంటే ఎక్కువ పట్టాలి కదా అని మనం అనుకుంటాం. కాదు. పంపేదాని ఊపు, పట్టేదాని ఊపు ఒకటైనప్పుడే రవ్వ నిండుగా వెలుగుతుంది. 1887లో ఆయన ఆ పొడవులను, రవ్వలను గీతగా గీసి ప్రచురించాడు. ఈ రోజు ఫోన్ యాంటెన్నా తయారుచేసే ఇంజనీరు కంప్యూటర్ తెర మీద మొదట చూసేది కూడా ఆ రకం గీతనే.

తర్వాత కళాశాలలోని పెద్ద ఉపన్యాస మందిరాన్ని తీసుకున్నాడు. 15 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు. వేలాడే గ్యాసు దీపాల గుత్తులు, గొట్టాలు తీయించాడు, లోహం ఏదున్నా అల చెదిరిపోతుందని. రెండు వరుసల ఇనుప స్తంభాలను మాత్రం తీయించలేడు కదా! ఎదుటి గోడకు నాలుగు మీటర్ల ఎత్తు, రెండు మీటర్ల వెడల్పు జింకు రేకు కొట్టించాడు. అల వెళ్లి రేకుకు తగిలి వెనక్కి వస్తుంది. వెళ్లేదీ వచ్చేదీ కలిసినప్పుడు కొన్నిచోట్ల రవ్వ పెరుగుతుంది, కొన్నిచోట్ల ఆరిపోతుంది. ఆ చోట్ల మధ్య దూరం కొలిచి, అల పొడవు సుమారు 9.6 మీటర్లని లెక్క తేల్చాడు. మాక్స్‌వెల్ చెప్పిన అల నిజంగానే ఉంది!

అక్కడితో ఆగలేదు. 1888 చివరికి పంపే కడ్డీని 26 సెంటీమీటర్లకు కుదించాడు. అల పొడవు సుమారు 66 సెంటీమీటర్లకు దిగింది. నేటి లెక్కలో 450 మెగాహెర్ట్జ్. మన సెల్‌ఫోన్లు వాడే తరంగాలకు దాదాపు పొరుగున ఉన్నట్టే. జింకు రేకులను వంచి రెండు మీటర్ల ఎత్తు అద్దాలు చేసి, అలను ఒకే దిక్కుకు పంపాడు. చెక్క తలుపు వేసినా పక్క గదిలో రవ్వ మెరిసింది. మూసిన గదిలోకి అది ఎలా వచ్చిందా అని ఆయనే ఆశ్చర్యపోయాడు. చెక్క చట్రానికి సన్నని తీగలు వరసగా బిగించి అడ్డంపెట్టాడు. తీగలు పంపే కడ్డీకి సమాంతరంగా ఉంటే అల ఆగిపోయింది, చట్రాన్ని పక్కకు తిప్పితే దాటిపోయింది. మేడ మీద యాంటెన్నా తిప్పినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. తారులాంటి పదార్థంతో ఒకటిన్నర మీటర్ల ఎత్తు, సుమారు 600 కిలోల బరువున్న పట్టకం పోతపోసి, వెలుగు వంగినట్టే ఈ అల కూడా వంగుతుందని చూపించాడు. ఇంకొక చిన్న పరిశీలన కూడా రాసిపెట్టాడు. సహాయకుడు మధ్యలో అడ్డంగా నడిస్తే రవ్వ ఆరిపోయేది, అతను దాటిపోగానే మళ్లీ వెలిగేది.

ఆ సహాయకుడి పేరు ఎవరికీ గుర్తులేదు. కానీ ఫోను చేత్తో పట్టుకునే ప్రతివాడూ అతని చోటులోనే నిలబడుతున్నాడు. మన శరీరంలోని నీరు, ఉప్పు ఆ తరంగాన్ని మింగుతాయి, యాంటెన్నా శ్రుతిని మారుస్తాయి. 2010లో ఆపిల్ సంస్థ ఫోను చుట్టూ ఉన్న లోహపు చట్రాన్నే యాంటెన్నాగా వాడి ఐఫోన్ 4 తెచ్చినప్పుడు, ఒకచోట చెయ్యి తగిలితే సిగ్నల్ పడిపోతోందని ఫిర్యాదులు వచ్చాయి. చివరికి తొడుగులు ఉచితంగా ఇవ్వవలసి వచ్చింది.

హెర్ట్జ్ కీర్తి ఒక్కసారిగా ఐరోపా అంతా పాకింది. 1889లో బాన్ విశ్వవిద్యాలయానికి పిలుపు వచ్చింది. 1890లో లండన్ రాయల్ సొసైటీ రంఫర్డ్ పతకం ఇచ్చింది. అయితే ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా ఆపిన ఘట్టం ఈ సన్మానాల్లో లేదు. తొలి కొలతల్లో ఆయన ఒక పొరపాటు చేశాడు. తీగ వెంట వెళ్లే అలకూ, గాలిలో వెళ్లే అలకూ వేగం వేరు అని ప్రచురించాడు. సిద్ధాంతం ప్రకారం రెండూ ఒకటే కావాలి. ఫ్రాన్సు గణితవేత్త పోయంకారే ఆయన లెక్కలో ఒక తప్పు చూపించాడు. ఆ మందిరం ఇరుకు, ఆ ఇనుప స్తంభాలు కూడా ఆయనకు అనుకూలం కాలేదు. జెనీవాలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకా పెద్ద హాలులో కొలిచి, రెండు వేగాలూ ఒకటే అని తేల్చారు.

1892లో తన వ్యాసాలన్నిటినీ పుస్తకంగా వేసేటప్పుడు హెర్ట్జ్ ఏం చేశాడు? తప్పులను చడీచప్పుడు లేకుండా దిద్దుకోవచ్చు. అప్పటికి ఆయన్ను అడిగేవాడు లేడు. ఆయన పాత వ్యాసాలను ఉన్నవున్నట్టే అచ్చువేశాడు. ముందుమాటలో తాను ఎక్కడ దారి తప్పాడో, ఎవరు సరిదిద్దారో వివరంగా రాశాడు. వేదిక మీద నిలబడి ఇతరుల ఒప్పుకోలు గురించి మాట్లాడే మాబోటివాళ్లం, మా పాత ప్రసంగాల్లోని తప్పులను ఇలా అచ్చులో ఒప్పుకున్నది ఎన్నిసార్లు? నా సంగతి నేను చెప్పగలను, ఒక్కసారి కూడా లేదు.

అలాగని హెర్ట్జ్‌ను గొప్ప భక్తుడిగా చూపించాలని నాకు లేదు. పేరుపొందిన ప్రతి శాస్త్రవేత్తనూ మన ప్రసంగాల్లో ప్రార్థనావీరునిగా మార్చే అలవాటు మనకుంది. అది చనిపోయినవారికి న్యాయం చేయడం కాదు. మాక్స్‌వెల్ విశ్వాసానికి ఆయన ఉత్తరాలే సాక్ష్యం. హెర్ట్జ్ లూథరన్ ఇంట పుట్టి, ఆ సంఘంలోనే పెరిగినవాడు. అంతకుమించి ఆయన నోట నేను మాటలు పెట్టను.

1889 డిసెంబరులో మ్యూనిక్ నుంచి ఒక ఇంజనీరు ఆయనకు ఉత్తరం రాశాడు. ఈ అలలతో తీగ లేకుండా టెలిఫోను మాట్లాడుకోవచ్చా అని. హెర్ట్జ్ జవాబు నిరుత్సాహకరంగానే ఉంది. మనిషి మాట సెకనుకు వెయ్యిసార్లు కంపిస్తుందనుకుంటే ఆ అల పొడవు 300 కిలోమీటర్లు, దాన్ని మళ్లించే అద్దాలు ఒక ఖండమంత ఉండాలి, కాబట్టి కుదరదు అని వివరించాడు. ఇప్పుడు మనకు నవ్వు రావచ్చు. కానీ లెక్కలో తప్పులేదు. తీగ తరంగానికి తగినట్టు ఉండాలి అన్న తన నియమానికే ఆయన కట్టుబడి ఉన్నాడు. మాటను నేరుగా పంపకుండా, ఎంతో వేగంగా కంపించే మరో అల మీద ఎక్కించి పంపడం తర్వాతివాళ్లు కనిపెట్టారు. అప్పుడు అల పొడవు సెంటీమీటర్లకు దిగింది, యాంటెన్నా జేబులోకి వచ్చింది. 900 మెగాహెర్ట్జ్ అల పొడవు 33 సెంటీమీటర్లు, దానిలో నాలుగోవంతు 8 సెంటీమీటర్లు. 2022లో మన దేశంలో మొదలైన 5జీ సేవల్లో వాడే 3500 మెగాహెర్ట్జ్‌కు రెండు సెంటీమీటర్లు చాలు. ఒకే ఫోను ఇన్ని రకాల అలలను పట్టాలి కనుక తీగలను మడుస్తారు, వంచుతారు, చట్రాన్ని ముక్కలుగా విడదీసి వాడతారు. మడిచి పొట్టి చేసినకొద్దీ అది పట్టే పరిధి ఇరుకవుతుంది, బలం తగ్గుతుంది. ఆ నియమాన్ని ఇప్పటికీ ఎవరూ దాటలేదు.

1892 వేసవిలో ముక్కు, గొంతు భాగాల్లో ఇన్ఫెక్షన్ మొదలైంది. శస్త్రచికిత్సలు ఒకదాని వెంట ఒకటి జరిగాయి. నొప్పి తగ్గలేదు. అయినా యాంత్రిక శాస్త్ర సూత్రాల మీద పుస్తకం రాస్తూనే ఉన్నాడు. 1893 డిసెంబరు దాకా పాఠం చెప్పాడు. ఆ నెలలోనే తల్లిదండ్రులకు ఉత్తరం రాశాడు. తనకు ఏదైనా జరిగితే దుఃఖపడవద్దని, కొంచెం గర్వపడాలని, కొద్దికాలమే అయినా తగినంత బ్రతికే వారిలో తానూ ఒకడినని తలచుకోవాలని ఆ ఉత్తరం సారాంశం. ఇది తాను కోరుకున్న దారి కాదని కూడా దాచలేదు. 1894 జనవరి 1న, అందరూ కొత్త సంవత్సరం చెప్పుకునే రోజున, బాన్‌లో కన్నుమూశాడు. పెద్దకూతురు యొహన్నాకు ఆరేళ్లు, చిన్నది మథిల్డెకు ఇంకా మూడు నిండలేదు. హాంబర్గ్‌లోని ఓల్స్‌డార్ఫ్ శ్మశానవాటికలో సమాధి చేశారు. తల్లి 1910 వరకు, తండ్రి ఆ తర్వాత కూడా జీవించారు.

ఆ సంవత్సరమే ఇటలీలో మార్కోని అనే యువకుడు హెర్ట్జ్ పని గురించి చదివి, ఈ అలలతో సందేశాలు ఎందుకు పంపకూడదు అనుకున్నాడు. మరుసటి ఏడాది కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ల పొడవు అలలతో ప్రయోగాలు చేసి చూపించాడు. బూరలా విచ్చుకునే యాంటెన్నాను తొలిగా వాడినవారిలో ఆయనొకడు. 1909లో మార్కోనికి, మరో జర్మన్ శాస్త్రవేత్త బ్రౌన్‌కు నోబెల్ బహుమతి వచ్చిన వార్త హెర్ట్జ్ తల్లి బ్రతికుండగానే వచ్చింది.

ఇక ఆ పాత సంగతి. 1933లో హిట్లర్ అధికారానికి వచ్చాడు. హాంబర్గ్ నగర భవనంలో గౌరవస్థానంలో ఉన్న హెర్ట్జ్ చిత్రపటాన్ని తొలగించారు. కారణం, ఆయన తాత యూదునిగా పుట్టడం. బాప్తిస్మం పొంది అప్పటికి వందేళ్లు కావస్తోంది. మూడు తరాలుగా సంఘ సభ్యులు. రికార్డులో ఆ బాప్తిస్మాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. రక్తం ఏమిటి అని మాత్రమే అడిగారు.

జర్మనీవాళ్లను తప్పుపట్టడం సులభం. మన సంఘాల్లో ఒకే బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నవాళ్లు, పెళ్లి సంబంధం అనేసరికి తాతగారిది ఏ పేట అని ఆరా తీస్తారు. ఆ ప్రశ్న నా ఎదుటే, నా చర్చి వరండాలోనే చాలాసార్లు అడిగారు. నేను విననట్టు ఊరుకున్న సందర్భాలు ఉన్నాయి.

చిన్నకూతురు మథిల్డె అప్పటికి బెర్లిన్‌లో జీవశాస్త్రవేత్త. తేనెటీగలు ఆకారాలను ఎలా గుర్తుపడతాయో పరిశోధించి పేరు తెచ్చుకుంది. 1933లో ఆమె బోధనా హక్కు రద్దు చేశారు. మాక్స్ ప్లాంక్ అంతటివాడు ఆమె తరఫున మాట్లాడినా కొద్దికాలమే నిలిచింది. 1930లలోనే తల్లి, ఇద్దరు కూతుళ్లు జర్మనీ విడిచి ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి చేరుకున్నారు. తండ్రి ఉత్తరాలను, దినచర్యను 1927లోనే యొహన్నా పుస్తకంగా ప్రచురించింది కాబట్టి అవి మనకు మిగిలాయి. అక్కచెల్లెళ్లు ఇద్దరూ వివాహం చేసుకోలేదు. మథిల్డె మళ్లీ పరిశోధనలో నిలదొక్కుకోలేకపోయింది.

యుద్ధం ముగిశాక చిత్రపటం తిరిగి ప్రజల ముందుకు వచ్చింది. 1960లో ప్రపంచ దేశాలు కంపనాల కొలతకు హెర్ట్జ్ పేరును అధికారికంగా స్వీకరించాయి. 1968లో హాంబర్గ్ నగరం సుమారు 280 మీటర్ల ఎత్తున యాంటెన్నాలు మోసే టవరును నిలిపి దానికి హైన్రిక్ హెర్ట్జ్ పేరు పెట్టింది. అప్పటికి మథిల్డె బ్రతికే ఉంది, కేంబ్రిడ్జిలో, 77 ఏళ్ల వయసులో.